హక్కు సరే, అమలు భారం ఎవరిది?

అమెరికా పౌరహక్కుల చట్టాల చరిత్ర అంతర్యుద్ధం ముగిసిన 1865తో మొదలవుతుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, ఆఫ్రికన్ సంతతి నల్లజాతీయులు అమెరికా పౌరులు కాజాలరని తేల్చేసింది. ఆ తీర్పును తుడిచిపెట్టడానికి ఒక యుద్ధం, ఆపైన రాజ్యాంగ సవరణలు అవసరమయ్యాయి. 13వ సవరణ (1865) బానిసత్వాన్ని రద్దు చేసింది. 14వ సవరణ (1868) అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశ పాలనాధికారానికి లోబడిన వారందరికీ పౌరసత్వాన్ని, చట్టాల సమాన రక్షణను ఇచ్చింది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఓటు నిరాకరించరాదని 15వ సవరణ (1870) శాసించింది. మూడింటి చివరా అమలుకు తగిన చట్టాలు చేసే అధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే జాతీయ చట్టసభకు, అప్పగించే వాక్యం ఉంది. తర్వాతి నూటయాభై ఏళ్లలో ఎన్నో పెద్ద వ్యాజ్యాలు ఆ వాక్యం చుట్టూనే తిరిగాయి.

కాంగ్రెస్ ఆ అధికారాన్ని వెంటనే వాడింది. ఒప్పందాలు చేసుకోవడంలో, ఆస్తి కొనుక్కోవడంలో పౌరులందరికీ తెల్లవారితో సమాన హక్కునిస్తూ 1866లో చట్టం చేసింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేస్తే దాన్నీ తోసిపుచ్చింది. కూ క్లక్స్ క్లాన్ ముఠాల హింసను అణచేందుకు 1870, 1871లలో మరికొన్ని చట్టాలు వచ్చాయి. బసలు, రైళ్లు, నాటకశాలల్లో వివక్షను నిషేధిస్తూ 1875లో మరో చట్టం తెచ్చింది.

సుప్రీంకోర్టు వీటిని ఒక్కొక్కటిగా నీరుగార్చింది. లూసియానాలోని కోల్‌ఫ్యాక్స్‌లో 1873లో జరిగిన నల్లజాతీయుల ఊచకోత నిందితులపై ఫెడరల్ ప్రభుత్వం నేరం మోపితే, 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలనే కట్టడి చేస్తుంది తప్ప ప్రైవేటు వ్యక్తులను కాదంటూ 1876లో క్రూయిక్‌షాంక్ కేసులో శిక్షలను కొట్టివేసింది. ఇదే తర్కంతో 1883లో 1875 చట్టంలోని కీలక భాగాలు రాజ్యాంగ విరుద్ధమని 8–1 మెజారిటీతో ప్రకటించింది. జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ ఒక్కరే విభేదించారు. రైళ్లలో వేర్వేరు పెట్టెలు పెట్టాలన్న లూసియానా చట్టం 1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో విచారణకు వచ్చింది. సౌకర్యాలు విడివిడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలంటూ కోర్టు దాన్ని సమర్థించింది. అక్కడా హార్లన్‌ది ఒంటరి అసమ్మతే. అక్షరాస్యత పరీక్షలు, ఓటు పన్నుతో నల్లజాతి ఓటర్లను ఏరివేసిన మిసిసిపీ నిబంధనల్లో జాతి ప్రస్తావన కనిపించదు కాబట్టి అవి చెల్లుతాయని 1898లో చెప్పింది.

ఇన్ని జరిగినా మూడు సవరణల్లో ఒక్క అక్షరమూ మారలేదు. మారినదల్లా అమలు బాధ్యత. ఫెడరల్ సైన్యం 1877లో దక్షిణాది నుంచి తప్పుకున్నాక, హక్కును నిలబెట్టుకునే బరువంతా బాధితుడి నెత్తిన పడింది. తనకు అన్యాయం చేసిన అధికారుల ముందే, తెల్లవారితో నిండిన జ్యూరీల ముందే అతడు దాన్ని రుజువు చేసుకోవాలి. కాగితం మీది హక్కుకు విలువ వచ్చేది దాన్ని నిరూపించే భారం ఎవరు మోస్తారన్న దాన్నిబట్టేనని తర్వాతి చరిత్ర పదే పదే చాటింది.

ఆ బరువును మొదట భుజానికెత్తుకున్నది 1909లో పుట్టిన నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ. దాని న్యాయవాదులు చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్, తుర్గుడ్ మార్షల్ వేర్పాటు సిద్ధాంతాన్ని అంచెలంచెలుగా తొలిచారు. మిస్సోరీ లా కళాశాల ప్రవేశంపై 1938లో, తెల్లవారికే పరిమితమైన ప్రైమరీ ఎన్నికలపై 1944లో, టెక్సస్ లా కళాశాలపై 1950లో వచ్చిన గెలుపులు అందులో మెట్లు. 1954 మే 17న బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ నాయకత్వంలోని తొమ్మిది మంది ధర్మాసనం, ప్రభుత్వ బడుల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

అయితే అమలుకు 1955లో ఇచ్చిన ఆదేశంలో గడువు లేదు. ఏ జిల్లాకు ఆ జిల్లా తల్లిదండ్రులు దావా వేసి గెలవాల్సి వచ్చింది. ఫలితంగా బ్రౌన్ తీర్పు వెలువడిన దాదాపు పదేళ్లకు కూడా, 1963–64లో, దక్షిణాది నల్లజాతి విద్యార్థుల్లో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్నవారు సుమారు 1.2 శాతమే.

మలుపు 1964 పౌరహక్కుల చట్టంతో వచ్చింది. ఓటింగు జరగకుండా అడ్డుకునేందుకు దక్షిణాది సెనేటర్లు సుదీర్ఘ ప్రసంగాలతో నెలల తరబడి సాగించిన ఫిలిబస్టర్‌ను సెనేట్ 71–29 ఓట్లతో ముగించింది. జులై 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. హోటళ్లు, భోజనశాలల్లో వివక్షను నిషేధించేటప్పుడు, 1883 నాటి తీర్పు అడ్డు రాకుండా కాంగ్రెస్ ప్రధానంగా అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని ఆశ్రయించింది. నల్లజాతీయులకు గదులివ్వబోమన్న 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఈ మార్గాన్ని ఆమోదించింది. వివక్ష చూపే సంస్థలకు ఫెడరల్ నిధులు నిలిపివేయవచ్చన్న, అదే చట్టంలోని ఆరో అధ్యాయం మరింత పదునైనది. పాఠశాలలకు భారీగా నిధులిచ్చే చట్టం 1965లో రావడంతో, మొండికేసే జిల్లాలకు డబ్బు పోయే భయం పట్టుకుంది. వేర్పాటును తొలగించి, పనిచేసే ప్రణాళికతో ముందుకు రావలసిన బాధ్యత స్కూలు బోర్డులదేనని 1968లో గ్రీన్ కేసులో కోర్టు స్పష్టం చేసింది. 1972–73 నాటికి, తెల్లపిల్లలున్న బడుల్లో చదివే దక్షిణాది నల్లజాతి విద్యార్థులు 90 శాతం దాటారు.

అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం సాగిన కవాతుపై పోలీసుల దాడి తర్వాత 1965 ఆగస్టు 6న వచ్చిన ఓటు హక్కు చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు, కౌంటీలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందుగా వాషింగ్టన్ అనుమతి పొందాల్సి వచ్చేది. మార్పు నిర్దోషమని అవే రుజువు చేసుకోవాల్సి వచ్చేది. కాలయాపన తెచ్చే లాభాన్ని అక్రమార్కుల నుంచి బాధితుల వైపు మళ్లించే అధికారం కాంగ్రెస్‌కు ఉందని 1966లో వారెన్ తీర్పు చెప్పారు. మిసిసిపీలో నల్లజాతీయుల ఓటరు నమోదు 1965కు ముందు 6.7 శాతం ఉండగా 1967కల్లా 59.8 శాతానికి చేరింది.

1965లోనే వచ్చిన వలస చట్టం జాతీయ మూలాల కోటాలను ఎత్తివేసింది. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో చెప్పిన దేశం 1946లో ఆ అనర్హతను తొలగించినా, ఏటా వందమంది కోటాతోనే సరిపెట్టింది. తెలుగు వైద్యులు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో అక్కడికి చేరింది 1965 తర్వాతనే.

అనంతర దశకాల పోరు రుజువు మీద సాగింది. ఉద్దేశం లేకపోయినా, ఫలితంలో వివక్ష ఉంటే ఆ అర్హత పరీక్ష ఉద్యోగానికి అవసరమని యజమానే నిరూపించాలని 1971లో గ్రిగ్స్ కేసు తేల్చింది. 1989లో వార్డ్స్ కోవ్ తీర్పు ఆ భారాన్ని ఉద్యోగుల మీదికి నెట్టింది. కాంగ్రెస్ 1991లో చట్టం చేసి తిరిగి యజమానిపై పెట్టింది. ఓటు కేసుల్లో దురుద్దేశం రుజువు కావాలన్న 1980 తీర్పునూ 1982 సవరణతో ఇలాగే సరిదిద్దింది. వేతన వివక్షపై ఫిర్యాదు గడువును బిగించిన 2007 నాటి లెడ్‌బెటర్ తీర్పుకు 2009లో జవాబిచ్చింది. కోర్టు అన్నిసార్లూ కుదించలేదు: లైంగిక వివక్ష నిషేధం స్వలింగ సంపర్కులకు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకూ వర్తిస్తుందని 2020లో బోస్టాక్ కేసులో తేల్చింది.

కానీ 2013లో షెల్బీ కౌంటీ కేసులో 5–4 మెజారిటీతో, ముందస్తు అనుమతి ఏయే ప్రాంతాలకు వర్తిస్తుందో నిర్ణయించే సూత్రాన్ని కాలం చెల్లిందంటూ కొట్టివేసింది. ముందస్తు అనుమతి దొరక్క ఆగిపోయిన తన ఓటరు గుర్తింపు చట్టాన్ని అమల్లో పెడతామని టెక్సస్ ఆ రోజే ప్రకటించింది. నిబంధన అమల్లోకి వచ్చాక కోర్టుకెక్కి పోరాడవలసిన అవస్థ మళ్లీ ఓటరుకు వచ్చింది. వర్తమాన పరిస్థితులకు తగిన సూత్రాన్ని రాసుకునే అవకాశాన్ని ఆ తీర్పు కాంగ్రెస్‌కే వదిలింది. ప్రతినిధుల సభ 2021లో అటువంటి బిల్లును ఆమోదించింది. 2022 జనవరిలో సెనేట్ ఫిలిబస్టర్ దాన్ని నిలిపివేసింది. 1982, 1991, 2009లలో కోర్టు తీర్పుకు కాంగ్రెస్ చట్టంతో బదులివ్వడం వల్లనే అమలు భారం బలవంతుడి వైపు తిరిగి జరిగింది. రెండుగా చీలిన చట్టసభ ఆ పని చేయలేనంత కాలం, పౌరహక్కుల చట్టానికి అర్థం చెప్పే తుది మాట తొమ్మిది మంది న్యాయమూర్తుల చేతిలోనే ఉంటుంది.