సీరియళ్లను అంత తేలిగ్గా తీసేయకండి



చదివే అలవాటు మీద గత సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది, ఒక్క మాట మినహా. వారపత్రికల సీరియళ్లు పాఠకుల అభిరుచిని పాడుచేశాయన్న తీర్పును నేను ఒప్పుకోను.

పుస్తకాలు కొనే స్తోమత మాకు లేదు. పక్కింటివాళ్లు చదివేసిన పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది మా అమ్మ. మధ్యలో ఒక వారం దొరక్కపోతే, అక్కడ ఏం జరిగి ఉంటుందో నన్ను రాయమనేది. నోటుపుస్తకం కాగితం మీద నేను రాసిన ఆ ‘భాగం’ కూడా కుట్టులోకి వెళ్లేది. (తర్వాత అసలు భాగం దొరికినా అమ్మ నాది తీసేది కాదు.) రాయడంలో ఉన్న సరదా నాకు తెలిసింది అక్కడే.

పైగా మంచి సాహిత్యానికి దారి చూపించిందీ పత్రికలే కదా! మా తెనాలి కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో పనిచేశారు. ఆ పత్రికలోని తేట తెలుగు మరిగినవాళ్లకు పెద్దయ్యాక ఆయన ‘చదువు’ నవల కొత్తగా అనిపించదు. పాశ్చాత్య నవలలను మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’గా పరిచయం చేసిందీ పత్రికలోనే. అది చదివాకే నేను శాఖా గ్రంథాలయంలో అనువాదాల బీరువా వెతకడం మొదలుపెట్టాను.

సీరియళ్లలో నాసిరకానివి లేవనను, బోలెడున్నాయి. వ్యాసకర్త వాటిని పేర్లతో సహా చర్చిస్తూ మరో వ్యాసం రాయాలని కోరుతున్నాను. నచ్చకపోతే మళ్లీ ఉత్తరం రాస్తాను.

– ఒక పాఠకురాలు, తెనాలి