డ్యూటీ దిగాక చదువు



సెల్‌ఫోనులో డబ్బు కట్టకుండా పాఠాలు వినే అలవాటు మన మిల్లుల్లోకి కూడా వచ్చింది. చిక్కబళ్లాపురంలో రూములు తీసుకుని ఉండే కుర్రవాళ్లు కొందరు, బాగేపల్లి, చింతామణి వైపు నుంచి బస్సులో వచ్చిపోయే ఆడపిల్లలు కొందరు వింటున్నారు. తోటివాళ్లు వాళ్లను అడిగే ప్రశ్న ఒక్కటే: "దీంతో జీతం పెరుగుతుందా?"

పెరగదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. రింగ్ ఫ్రేము దగ్గర తెగిన దారం అతికే మనిషి నక్షత్రాల మీద నాలుగు పాఠాలు విన్నంత మాత్రాన ఏ యాజమాన్యమూ గ్రేడు మార్చదు. అయినా వినండి అనే సంఘం చెబుతున్నది.

యాజమాన్యాలూ ట్రైనింగు ఇస్తాయి. కొత్త మెషీను దిగినప్పుడు, ఆ మెషీనుకు ఎంత కావాలో అంత. మనిషికి ఎంత కావాలనే లెక్క మాత్రం ఎప్పుడూ కార్మికులే వేసుకున్నారు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అని ఒక నూలు మిల్లుల ఊరు. 1844లో అక్కడ నేతపనివారూ మరికొందరు చేతిపనులవారూ 28 మంది కలిసి సహకార దుకాణం పెట్టారు. కొన్నాళ్లకు మిగులులో నూటికి రెండున్నర వంతు చదువు కోసమే తీసి పక్కన పెట్టారు. అదే ఊరికి 1908లో టానీ అనే యువ అధ్యాపకుడు వారం వారం వచ్చి ఆర్థిక చరిత్ర చెబుతుంటే, వారమంతా ఒళ్లు వంచి పనిచేసిన కార్మికులు కూర్చుని విన్నారు, వాదించారు, వ్యాసాలు రాసి దిద్దించుకున్నారు. డిగ్రీ ఇస్తారని ఎవరూ రాలేదు.

అంత దూరం ఎందుకు, మన హెచ్. నరసింహయ్య గారు ఉన్నారు. 1920లో గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పేద ఇంట పుట్టారు. 1935లో కాలినడకన బెంగళూరు చేరి హైస్కూల్లో చేరారు. తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యారు. బాగేపల్లిలో నేషనల్ కాలేజీ ఆయన చలవే. 1962లో ఆయన బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు. వారం వారం ఒక ఉపన్యాసం, టిక్కెట్టు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఇవాళ ఫోనులో వచ్చే పాఠం ఆ హాలు లాంటిదే. కాకపోతే బెంగళూరు బస్సు చార్జీ మిగులుతుంది.

ఐఐటీలు, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో 'స్వయం' తెరిచింది. వినడానికి పైసా అక్కరలేదు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇష్టం కొద్దీ వినేవారికి ఆ కాగితంతో పని లేదు. డేటా చాలనివాళ్లకు టీవీలో 'స్వయంప్రభ' ఉంది. 32 చానెళ్లతో మొదలైంది, డీడీ ఫ్రీ డిష్‌లో వస్తుంది. ఉచితమని పిలిచి కార్డు నంబరో ఓటీపీనో అడిగేవాళ్లు మాత్రం దొంగలు, ఫోను పెట్టెయ్యండి.

ఈ కోర్సుల్లో చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే మానేస్తారని చదువుకున్నవాళ్లు తప్పు పడుతుంటారు. ఉద్యోగం కోసం చేరినవాడికైతే అది నష్టమే. గ్రహణం ఎలా పడుతుందో తెలుసుకోవాలని చేరి, అది తెలిశాక నాలుగో పాఠంలో ఆపేసినవాడు ఏం పోగొట్టుకున్నాడు?

అసలు అడ్డంకులు వేరే ఉన్నాయి. మొదటిది భాష. మనకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పాఠాలేమో ఎక్కువ భాగం ఇంగ్లీషులో. ఎన్‌పీటెల్ వాళ్లు కొన్ని పాఠాలను తెలుగులోకీ కన్నడంలోకీ రాయించి పెట్టారు కానీ అవి ఎక్కువగా ఇంజనీరింగువే. పొలం పురుగుల గురించో పాత శాసనాల గురించో తెలుసుకోవాలనుకునే మనిషికి అవి ఎందుకు?

రెండోది, పెద్దది, టైము. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, ఎనిమిది గంటలు మన ఇష్టం అని 1886లో చికాగో కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఆ మూడో ఎనిమిది గంటల్లోనే ఈ చదువంతా ఉంది. 2023లో కర్ణాటక ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవడానికి దారి తెరిచింది. వారానికి 48 గంటల పరిమితి ఉంచాం కదా అన్నారు. పన్నెండు గంటలు నిలబడి, గంట బస్సులో కూర్చుని ఇల్లు చేరి, వంటా గిన్నెలూ ముగించుకున్న అక్కకు పాఠం ఉచితమైతే ఏమి లాభం? అందుకే ఓవర్‌టైము ఇష్టమైతేనే చెయ్యాలి, బలవంతం కూడదు అని సంఘం పట్టుబడుతున్నది. చదువు గురించి మాట్లాడుతూ ఓవర్‌టైము ఎత్తుతారేమని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం ఆఫీసులో టీవీ పెడుతున్నాం. ఇంగ్లీషు పాఠమైతే మధ్యమధ్య ఆపి, తెలిసిన పిల్లలు తెలుగులో చెబుతారు. మొదట ఏం వినాలో అక్కడికొచ్చినవాళ్లే తేల్చుకోవచ్చు. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు వెనక చాప మీద పడుకున్నా ఎవరూ ఏమీ అనరు.