ముందు ఎవరిని చూడాలి?

అత్వెల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు రైలు మార్గం, చుట్టూ ఫ్యాక్టరీలు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ. ఈ పక్క ఏ పెద్ద ప్రమాదం జరిగినా క్షతగాత్రులకు మొదట ఎదురయ్యేది స్పెషలిస్టు డాక్టరు కాదు, క్యాజువాలిటీలో డ్యూటీ మీదున్న సిస్టర్.

ఇదేమీ ఊహ కాదు. 2014 జులై 24న ఇదే రైలు మార్గంలో, మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. డజనుకు పైగా పిల్లలు చనిపోయారు. గాయపడ్డవాళ్లను నగరం వైపు ఆస్పత్రులకు తరలించారు. అలా ఒకేసారి పిల్లలంతా వచ్చిపడితే, గట్టిగా ఏడుస్తున్నవాడి దగ్గరికే అందరూ పరుగెత్తుతారు. ఏడవగలుగుతున్నాడంటే వాడికి ఊపిరి ఆడుతున్నట్టే. చప్పుడు లేకుండా పడి ఉన్నవాణ్ణి ముందు చూడాలి. ఎవరిని ముందు చూడాలో చెప్పే ట్యాగుల్లో ఎర్రది ఎవరికి, పసుపు ఎవరికి, ఆకుపచ్చ ఎవరికి అన్నది నిమిషంలోపు తేల్చాలి. నర్సింగ్ పాఠాల్లో ఇదంతా ఉంది. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన చేతికి అలవాటవుతుందా?

రసాయనాల సంగతి వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. అలాంటప్పుడు బాధితుడి బట్టలు విప్పించి, కళ్లూ ఒళ్లూ నీళ్లతో కడగాలి. లేకపోతే ఆ విషం వార్డు లోపలికీ వస్తుంది.

నర్సుల ధైర్యానికి కొదవ లేదు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రి తగలబడినప్పుడు కేరళకు చెందిన ఇద్దరు నర్సులు రోగులను కాపాడుతూనే ప్రాణాలు విడిచారు. కొరవడింది సాధన. మన మాక్ డ్రిల్లులు చాలావరకు పట్టపగలు, ముందే చెప్పి, ఫొటోల కోసం జరిగేవే. నైట్ షిఫ్టు సిస్టర్‌కు వాటితో పనే ఉండదు! 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది నర్సులకు నియామక పత్రాలిచ్చారు, సంతోషమే. వాళ్లలో ఎంతమందితో ఇలాంటి రాత్రిని ఒక్కసారైనా సాధన చేయించాం?

మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టర్, జిల్లా వైద్యాధికారి ఏటా వానాకాలానికి ముందు చెప్పాపెట్టకుండా ఒక రాత్రి డ్రిల్లు పెట్టాలి. అందులో ప్రైవేటు ఆస్పత్రులు, 108 సిబ్బంది, ఫ్యాక్టరీలు అందరూ ఉండాలి. ప్రతి ఫ్యాక్టరీ తను వాడే రసాయనాల జాబితాను దగ్గరి క్యాజువాలిటీకి ఇవ్వాలి. డాక్టరు వచ్చేదాకా ట్యాగులు వేసే అధికారం డ్యూటీ నర్సుదేనని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.