ఒకే చెల్లింపు, రెండు పద్దులు

డబ్బు చేతి నుండి ఒక్కసారే వెళ్లిపోతుంది. కాని అది చేసే పని ఒక్కటే కానక్కరలేదు. ఈ చిన్న సంగతిని మరచిన లెక్క, ఎంత శ్రద్ధగా వ్రాసినదైనా, యజమానిని తప్పుదారి పట్టిస్తుంది.

గుంటూరులో మాకు పరిచయమున్న ఒక సోదరి ఇంటి ముందుగదిలో కుట్టుపని దుకాణం నడుపుతున్నది. జాకెట్లపై పూలపని చేసే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం కొనడానికి ఆమె బ్యాంకులో 3,00,000 రూపాయల అప్పు తీసుకున్నది. వడ్డీ ఏటా నూటికి 12, గడువు 3 సంవత్సరాలు, నెలసరి వాయిదా 9,964 రూపాయలు. దారం, కరెంటు, సహాయకురాలి జీతం పోగా నెలకు 8,500 రూపాయలు మిగులుతున్నవి. కొడుకు కంప్యూటర్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాడు. అది నాలుగు మాసాలపాటు ప్రతి మాసమూ 1,464 రూపాయల నష్టం చూపింది.

“అన్నయ్యగారూ, యంత్రం అమ్మివేద్దామనుకుంటున్నాను. కంప్యూటరే నష్టమని చెబుతున్నప్పుడు ఇంకా పట్టుకుని వేళ్లాడటం దేనికి?” అన్నది ఆమె.

కంప్యూటర్ అబద్ధమాడలేదు. ఆమె చెప్పిన మాటనే తిరిగి ఆమెకు చెప్పింది. 9,964 రూపాయలనూ “ఖర్చు” అన్న ఒకే పద్దు క్రింద ఆమె వ్రాసింది. నిజానికి మొదటి వాయిదాలో వడ్డీ 3,000 రూపాయలు మాత్రమే. మిగిలిన 6,964 రూపాయలు అసలుకు జమ అయినవి. వడ్డీ ఖర్చు, పోయినది పోయినట్లే. అసలు చెల్లించడం ఖర్చు కాదు. ఆ మేరకు బాకీ తగ్గుతుంది. నాలుగు వాయిదాలలో ఆమె తీర్చిన అసలు 28,278 రూపాయలు. ఆ సంగతి ఆమె లెక్కలో ఎక్కడా లేదు. అప్పు ఖాతాలో ఇంకా 3,00,000 రూపాయలే కనిపిస్తున్నవి!

ఇటువంటి చెల్లింపుల కొరకే లెక్కల సాఫ్ట్‌వేర్‌లలో పద్దును చీల్చి వ్రాసే సదుపాయం ఉన్నది. దీనినే స్ప్లిట్ అంటారు. బ్యాంకు ఖాతా నుండి పోయినది 9,964 అని పైన ఒక్కసారే వ్రాయాలి. దాని క్రింద రెండు వరుసలు: యంత్రం అప్పు 6,964, వడ్డీ 3,000. రెండూ కలిపితే పై మొత్తానికి సరిపోవాలి. గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొత్తం సరిపోకపోతే తేడా “ఇంబ్యాలెన్స్” అనే వేరే ఖాతాలో చేరి ఎదుట నిలుస్తుంది. మన వర్తకులకు చిరపరిచితమైన టాలీలో ఒకే చెల్లింపు ఓచరులో రెండు ఖాతాల పేర్లూ వ్రాయవచ్చును.

“రెండు వేర్వేరు చెల్లింపులుగా వ్రాస్తే పోదా?” అని కొందరు అడుగుతారు. కూడదు. బ్యాంకు వారి పట్టీలో 9,964 అని ఒకే వరుస ఉంటుంది. మన పుస్తకంలో రెండు చెల్లింపులుంటే మాసాంతాన సరిచూచుకొనే వేళ ఏది దేనికి చెందినదో తెలియదు. చీల్చిన పద్దు బయటకు ఒకటిగా, లోపల రెండుగా ఉంటుంది.

మరొక జాగ్రత్త. ప్రతి మాసమూ అదే పద్దు దానంతటదే పడేటట్లు ఏర్పాటు చేసుకొనేవారు మొదటి మాసపు అంకెలనే చివరివరకూ పోనివ్వరాదు. బాకీ తగ్గిన కొలదీ వడ్డీ తగ్గి, అసలు భాగం పెరుగుతుంది. రెండవ వాయిదాలో వడ్డీ 2,930, అసలు 7,034. ముప్పైయారవ వాయిదాలో వడ్డీ సుమారు 99 రూపాయలే! కనుక బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికను దగ్గర ఉంచుకొని వ్రాయడం మేలు.

ఈ పద్ధతి కంప్యూటర్‌తో పుట్టినది కాదు. ఒకచోట ఖర్చు వ్రాసినది మరొకచోట జమ కావాలన్న జంట పద్దు విధానాన్ని వెనిస్ వర్తకులు అనుసరించేవారు. లూకా పాసియోలీ దానిని 1494లో అక్కడ అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. మన పెద్దలు చిట్టాలో వ్రాసిన పద్దును ఆవర్జాలో తగిన ఖాతాలకు ఎక్కించేవారు. పేర్లు మారినా, ప్రతి రూపాయికీ తన చోటు చూపించాలన్న నియమం మారలేదు.

జీతగాళ్లకూ ఇది అవసరమే. జీతం 40,000 రూపాయలు, భవిష్యనిధికి కోత 2,400, వృత్తిపన్ను 200 అనుకుందాము. బ్యాంకులో పడేది 37,400. ఆ అంకెను మాత్రమే ఆదాయంగా వ్రాసుకుంటే, భవిష్యనిధిలో పెరుగుతున్న సొంత సొమ్ము లెక్కకు రాదు. అలాగే టోకు దుకాణంలో 6,400 రూపాయల సరుకు కొని, అందులో 1,500 రూపాయలది ఇంటికి వాడుకున్న వర్తకుడు ఆ భాగాన్ని “సొంతవాడకాలు” క్రింద చీల్చకపోతే, ఇంటి తిండి దుకాణం లాభాన్ని తినివేసినట్లు కనిపిస్తుంది.

మళ్లీ మన సోదరి లెక్కకు వద్దాము. 8,500లో వడ్డీ 3,000 తీసివేశాము. యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకొని మాసానికి 2,500 తరుగుదల కూడా తీసివేశాము. మొదటి మాసానికి మిగిలినది 3,000 రూపాయల లాభం. ఆమె శ్రమకు ప్రతిఫలం కూడా అందులోనిదే కనుక అది గొప్ప లాభమేమీ కాదు. కాని నష్టం మాత్రం కాదు.

అయితే మాసానికి 1,464 రూపాయలు ఇంటి డబ్బు నుండి తెచ్చి కట్టిన మాట నిజమే గదా? నిజమే. అది దుకాణం నష్టం వల్ల కాదు, గడువు చిన్నదైనందువల్ల. మిగిలిన 2,71,722 రూపాయలను 56 మాసాలకు పరిస్తే వాయిదా సుమారు 6,360కి దిగుతుంది. వడ్డీ మొత్తం మీద సుమారు 37,300 రూపాయలు అదనంగా పడుతుంది. కాని దుకాణం తన కాళ్లపై నిలబడుతుంది. నష్టానికి మందు వేరు, చేతిలో డబ్బు చాలకపోవడానికి మందు వేరు. గోటితో పోయేదానికి ఆమె గొడ్డలి ఎత్తబోయింది.

నాలుగు పద్దులనూ ఆమె తన చేతితోనే తిరిగి చీల్చి వ్రాసింది. అప్పు ఖాతాలో 2,71,722 అన్న అంకె కనిపించినప్పుడు కొంతసేపు దానివంకే చూస్తూ ఉండిపోయి, “ఇంత తీర్చానా అన్నయ్యగారూ!” అన్నది. గడువు పెంచమని కోరుతూ బ్యాంకుకు అర్జీ వ్రాసుకున్నది. యంత్రం అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.