బండి ధర తగ్గింది, బోల్టు ధర తగ్గలేదు!

శివరాత్రి జాతరకి శ్రీముఖలింగం వెళ్ళాం. వంశధార ఒడ్డున బళ్ళు ఆపేచోట జనం మూగి ఉన్నారు. గరిడీ ఆటేమో అనుకున్నాం. కాదు, నల్లటి జర్మనీ కారు. ఢిల్లీ నంబరు. తీరా చూస్తే మాకు తెలిసిన మాస్టారిదే.

"ఏటి బావూ, ఆల్టో ఏటైంది?" అనడిగాం.

"ఇచ్చీసినాను. పైన మూడు లక్షలు ఎట్టినాను. ఇది కొత్తదైతే అరకోటి, తెలుసేటి?" అన్నాడు.

కిటుకంతా ఆ 'అరకోటి' అనే మాటలోనే ఉంది.

ఈ కార్లు ఎక్కడివి? దేశ రాజధానివి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి తిరగరాదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025లో కొంత సడలించినా అమ్మకానికి పెట్టిన భయం పోలేదు. అక్కడ పొగ అన్నది ఇక్కడ దర్జా అయింది. వాళ్ళు వదిలించుకున్నదాన్ని మనం అప్పు చేసి తెచ్చుకుంటున్నాం.

మాస్టారిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. తండ్రి పొట్టచేత పట్టుకుని వలసపోయిన ఇంట్లో కొడుకు పెద్ద కారు దిగాలనుకోవడం నేరమా? పైగా ఆయన వాదనలో నిజముంది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఎయిర్ బ్యాగులు లేని ఆల్టోని గుద్ది చూస్తే ఒక్క నక్షత్రమూ రాలేదు. టెక్కలి గ్రానైటు రాళ్ళతో లారీలు పరిగెత్తే హైవే మీద పెళ్ళాం పిల్లల్ని గట్టి బండిలో కూర్చోబెట్టాలనుకున్నాడు. తప్పు అక్కడ లేదు. లెక్కలో ఉంది.

అరకోటి కారు అయిదు లక్షలకి వస్తుంది. కాని దాని టైరు, సస్పెన్షన్, గేరుబాక్సు అయిదు లక్షల కారువి కావు. అవి ఇప్పటికీ అరకోటి కారువే. బండికి వయసు మీద పడేకొద్దీ ధర తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మొదటి ఆసామి వారంటీలో హాయిగా తిరిగాడు. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగాక రావలసిన రిపేర్లన్నీ మనకు వదిలాడు. అదీ మీటరు నిజం చెబితేనే!

జాతరైన మూడో నెలలో మాస్టారి కారు ముందువైపు కుంగిపోయింది. నరసన్నపేట మెకానిక్ చూసి చేతులెత్తేశాడు. దాని కంప్యూటరు చదివే మిషన్ ఆయన దగ్గర లేదు. లారీ మీద ఎక్కించి విశాఖపట్నం పంపారు. సుమారు 150 కిలోమీటర్లు. బిల్లు లక్ష దాటింది. కూతురి ఇంజనీరింగు ఫీజుకని పీఎఫ్ నుంచి తీసిన డబ్బు అలా పోయింది. ఆ పిల్ల ముఖం చూడలేక మాస్టారు నాలుగు రోజులు ఇంట్లో సరిగా అన్నం తినలేదు.

ఇక రోజువారీ ఖర్చు. నెలకు 900 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 18 ఇచ్చే ఆల్టోకి 50 లీటర్లు. 12 ఇచ్చే ఈ బండికి 75. పరరాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, నంబరు మార్చుకోవాలి. అమ్మేటప్పుడు దళారి ఇవేవీ చెప్పడు.

మన శ్రీముఖలింగం ఒకప్పుడు గంగరాజుల కళింగనగరం. దర్జా అంటే ఏమిటో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. గుడిలోని శాసనాల్లో అఖండ దీపాల దానాలు ఉన్నాయి. నాటి దాతలు దీపపు సెమ్మె ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. అది ఆరకుండా వెలగడానికి కావలసిన ధనమూ ఇచ్చారు. చమురుకి దారి చూపకుండా దీపం పెట్టడం దానం కాదని వాళ్ళకు తెలుసు. మనకెందుకు తెలియడం లేదు?

పెద్ద కారు కొనొద్దని మేము అనం. కారు ధరలో కనీసం మూడో వంతు రిపేర్లకి బ్యాంకులో విడిగా ఉంటేనే కొనండి. కంపెనీ సర్వీసు రికార్డు చూడకుండా, పాత అప్పు, చలానాలు తేలకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. భద్రతే కావాలంటే వేరే దారి ఉంది. 2022 నుంచి తయారయ్యే ప్రతి కారుకీ ముందు రెండు సీట్లకు ఎయిర్ బ్యాగులు తప్పనిసరి. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. అదే డబ్బుకి మరికొంత కలిపితే కొత్త చిన్న బండి, వారంటీతో సహా, ఇంటికొస్తుంది.

మాస్టారు ఇప్పుడు బడికి బస్సులో వెళ్తున్నాడు. అరకోటి కారు ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఊళ్ళో ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు. పిల్లలకు పాఠం చెప్పే మనిషికి ఆ గౌరవం కారు వల్ల వచ్చింది కాదు కదా!