గీత మారిస్తే దారి మారుతుంది

వీపీఎన్ అనే మాట మన ఇళ్ళలోకి 2020లో వచ్చింది. అంతకుముందు అది ఆఫీసుల్లో వుండేదే గాని, కరోనా లాక్‌డౌన్ కాలాన పిల్లలంతా ఆఫీసులను ఇంటికి తెచ్చుకున్నాక, వాళ్ళ వెంట అదీ వచ్చి వంటింటి గుమ్మం దాకా చేరింది. "వీపీఎన్ కనెక్టు కావడం లేదు, కాఫీ తరువాత తాగుతా" అనే మాట వినని తల్లి ఆ రోజుల్లో అరుదు. ఇదేదో కొత్త మందు పేరు కాబోలు అనుకున్న పెద్దవాళ్ళు కూడా లేకపోలేదు.

వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అని దాని పూర్తి పేరు. అందరూ నడిచే దారిలోనే మనవాళ్ళకు మాత్రమే ఏర్పరచుకున్న సొంత దారి అని చెప్పుకోవచ్చు. కాజీపేటలో కాపురం చేసేవాళ్ళకు ఇది బోధపడటం ఏమంత కష్టం కాదు. మా జంక్షన్‌లో మూడు దారులు కలుస్తాయి. ఒకటి బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు, ఒకటి సికింద్రాబాదుకు, ఒకటి వరంగల్లు మీదుగా విజయవాడకు. అవే పట్టాల మీద బొగ్గు పోతుంది, బియ్యం పోతాయి, పెళ్ళివారు పోతారు. వెనకట గూడ్సు పెట్టెలకు చీటీలు అంటించేవారు. యార్డులో పనిచేసేవాళ్ళు పెట్టె తెరిచి సరుకు చూడరు. చీటీ చూసి, దాన్ని ఏ బండికి తగిలించాలో నిర్ణయిస్తారు. పెద్ద సంస్థలు వూరూరా వున్న తమ శాఖలను కలుపుకునే ఒక రకం వీపీఎన్‌లో జరిగేది అచ్చం ఇదే. దాన్ని ఎంపీఎల్ఎస్ అంటారు. అందులోని 'ఎల్' అనే అక్షరానికి లేబుల్ అనే అర్థం, అంటే చీటీయే.

ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకం వుంచుకోవాలి. చీటీ వేరు, తాళం వేరు. చీటీ ఒకరి సరుకు మరొకరి సరుకులో కలవకుండా చూస్తుందే గాని పెట్టెకు తాళం వేయదు. పిల్లలు ఇంటినుంచి ఆఫీసుకు పెట్టుకునే వీపీఎన్‌లో తాళం కూడా వుంటుంది. పంపే ప్రతి మాటనూ గుప్తలిపిలోకి మార్చి మరీ పంపుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడంవల్ల, చీటీ మాత్రమే వున్నవాళ్ళు తమకు తాళం కూడా వున్నదని నిశ్చింతగా వుండటం కద్దు.

పట్టాల పోలిక వట్టి పోలిక మాత్రమే కాదు లెండి. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ అనే ప్రభుత్వ సంస్థ దేశమంతటా రైలు మార్గాల వెంట 60 వేల కిలోమీటర్లకు పైగా గాజుతీగ పరిచి, దాని మీద ఇటువంటి వీపీఎన్ సేవలను సంస్థలకు అమ్ముతున్నది. మన బండి పోతున్న దారి పక్కనే, మట్టికింద, ఎవరి జమాఖర్చులో కూడా పోతున్నవన్నమాట.

మా అక్క కొడుకు ఒక ప్రైవేటు సంస్థలో ఈ పనే చేస్తాడు. కిందటి దసరా సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంటే, తెర మీద సాలెగూడు వంటి బొమ్మ కనిపించింది. చిన్న చిన్న గుండ్రాలు, వాటిని కలుపుతూ గీతలు.

"ఇదేం ముగ్గురా?" అన్నాను.

"ముగ్గే అనుకో చిన్నమ్మా. గీ ముగ్గుల గీత మారిస్తే అక్కడ దారి మారుతది," అన్నాడు.

ఆ బొమ్మను టోపాలజీ మ్యాప్ అంటారు. అది మన బడి గోడల మీద వేలాడే పటం వంటిది కాదు. అందులో దూరాలకు లెక్క లేదు, దిక్కులకు లెక్క లేదు. కాజీపేటకూ వరంగల్లుకూ పది కిలోమీటర్లు. కాజీపేటకూ బల్లార్షాకూ రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ బొమ్మలో రెండు గీతలూ ఒకే పొడుగు వుండవచ్చు. ఎవరు ఎవరితో కలిసి వున్నారన్నది ఒక్కటే దానికి కావలసిన విషయం. ఈ చూపు కొత్తదేమీ కాదు. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో వున్న ఏడు వంతెనలనూ, ఒక్కొక్కదాన్ని ఒక్కసారే దాటుతూ తిరిగి రావచ్చునా అన్న ప్రశ్నకు, ఆయిలర్ అనే గణితవేత్త 1736లోనే దూరాలన్నీ పక్కన పెట్టి కలయికలు మాత్రమే చూసి, రాలేమని తేల్చి చెప్పాడు. లండను భూగర్భ రైళ్ళకు హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ వేసిన పటం 1933లో అచ్చయింది. అదీ ఈ బాపతే. భూమి మీది వంకరలన్నీ మాపేసి నిట్టగీతలుగా వేస్తే, జనం దాన్ని చేతబట్టుకుని హాయిగా ప్రయాణం చేశారు.

అయితే బెక్ పటంలో ఎవరైనా పెన్సిలు పెట్టి ఒక గీత కొట్టేస్తే రైలు ఆగిపోదు. మావాడి పటంలో ఆగిపోతుంది. మాయాబజార్ చిత్రంలో ప్రియదర్శిని పెట్టె చూశారు గదా. దూరాన వున్నవాళ్ళను చూపిస్తుంది, అంతే. ఈ బొమ్మ చూపించడంతో ఆగదు, చెప్పినట్టు చేయిస్తుంది కూడాను.

ఆ రోజు మావాడి ముందున్న పని ఇది. వాళ్ళ ఖాతాదారుకు 40 కార్యాలయాలు వున్నాయి. ఒకటి కేంద్రం, తక్కిన 39 శాఖలు. శాఖలన్నీ కేంద్రంతోనే మాట్లాడాలి. అంటే 39 గీతలు. అందరూ అందరితో నేరుగా మాట్లాడాలంటే 780 గీతలు కావాలి. నలభైని ముప్ఫైతొమ్మిదితో హెచ్చవేసి సగం చేసి చూసుకోండి. నాకు సంధులు బోధించే అలవాటు కదా, వింటుంటే వ్యాకరణమే తోచింది. కేంద్రంతో శాఖకు సంధి నిత్యం. శాఖకూ శాఖకూ నిషేధం. ఇప్పుడా ఖాతాదారు, కేంద్రానికి ఏదైనా అయితే పని ఆగకూడదని, ఒక శాఖను రెండో కేంద్రంగా మార్చమన్నాడు. పూర్వం అయితే ఒక్కొక్క కార్యాలయం తీగ చేరే రౌటరు అనే యంత్రంలోకి విడివిడిగా వెళ్ళి, ఆజ్ఞలు వరుసవరుసగా టైపు చేయవలసి వచ్చేది. ఇప్పుడు బొమ్మలో ఆ శాఖ గుండ్రాన్ని పట్టుకుని "శాఖ" అన్నచోట "కేంద్రం" అని మారిస్తే, తక్కిన ఆజ్ఞలన్నీ కంప్యూటరే రాసి ఆయా యంత్రాలకు పంపుతుంది.

లోపల జరిగేది మాత్రం ముద్రల వ్యవహారం. ప్రతి కార్యాలయం తన చిరునామాల మీద ఒక ముద్ర వేసి బయటికి పంపుతుంది. బయటినుంచి వచ్చే చిరునామాలలో ఫలానా ముద్ర వున్నవే తీసుకుంటుంది. ముద్ర అంటే ఒక అంకె. శాఖ తన మీద శాఖముద్ర వేసుకుంటుంది, కేంద్రముద్ర వున్నవాటినే లోపలికి రానిస్తుంది. అందుకే శాఖలకు ఒకరి వూసు ఒకరికి తెలియదు. శాఖను కేంద్రం చేయడమంటే ఈ ముద్రలు మార్చడమే.

రాకకూ పోకకూ పొరపాటున మరొక ఖాతాదారు వాడుకుంటున్న అంకె పడిందనుకోండి. అప్పుడు ఏదీ తెగిపోదు. గంట మోగదు. ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే అన్నీ పనిచేస్తూనే వుంటాయి, చేయవలసినదానికన్న ఎక్కువే చేస్తుంటాయి. మన ఇళ్ళలో పుట్టింటివారి వాట్సాప్ గ్రూపులో పొరపాటున అత్తింటివారిని ఒకరిని చేర్చినట్టన్నమాట. చేర్చినప్పుడు ఏ ఉపద్రవమూ కనబడదు. ఆవిడ నోరు మెదపకుండా అన్నీ చదువుతూ వుంటుంది. దారి తెగితే పది నిమిషాల్లో ఫోను వస్తుంది. దారి అక్కరలేని చోట కలిస్తే ఏడాదికి గాని బయటపడకపోవచ్చు. ఈ రెండో దానికే నేను ఎక్కువ భయపడతాను. ఒక ఆసుపత్రి కాగితాలో, పిల్లల మార్కులో, ఎవరి అప్పుల పద్దో అటు పోతున్నదంటే అది చిన్న విషయమా?

ఇంతలో మావారు కూడా వరండాలోకి వచ్చారు. ఆయన రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేస్తారు. బొమ్మను కాసేపు తేరిపార చూశారు. స్టేషన్లలో వాళ్ళకు ఇటువంటి బొమ్మతో నిత్యమూ పనే. యార్డు పటం ఒక బల్ల మీద గీసి వుంటుంది. బండి ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో ఆ రెండు చోట్ల బటన్లు నొక్కితే, మధ్యలో వున్న పాయింట్లు తిరిగి, తాళాలు పడి, సిగ్నలు ఇస్తుంది. అదే దారికి అడ్డం వచ్చే మరో దారి అప్పటికే ఇచ్చి వుంటే, ఎంత నొక్కినా మాట వినదు. ఇప్పుడు చాలా స్టేషన్లలో బల్ల పోయి కంప్యూటరు తెర వచ్చింది గాని ధర్మం అదే.

"బటన్ నొక్కుడంటే మనం అడిగినట్టురా," అన్నారాయన. "పాయింటు నిజంగ తిరిగి తాళం పడ్డదని అటునుంచి కబురొస్తేనే ఇటు దీపం వెలుగుతది. మరి నీ బొమ్మల ఈ గీత నువ్వు అడిగినదా, అటునుంచి వచ్చిన జవాబా?"

"రెండు తీర్లుంటయి చిన్నాయనా," అన్నాడు మావాడు కొంచెం ఆలోచించి. "కొన్ని బొమ్మలు మనం ఏం ఆర్డరు ఇచ్చినమో అదే చూపిస్తయి. కొన్ని పోయి రౌటర్లను అడిగి తెచ్చి చూపిస్తయి."

ఆర్డరు పుస్తకం చూసి వేసిన బొమ్మకూ, నేల చూసి వేసిన బొమ్మకూ తేడా ఎలా వస్తుందో వాడే చెప్పాడు. నడిరాత్రి ఒక శాఖకు దారి తెగిపోతుంది. డ్యూటీలో వున్నవాడు బొమ్మ జోలికి పోకుండా నేరుగా యంత్రంలోకి వెళ్ళి నాలుగు వరుసలు మార్చి పని జరిపిస్తాడు. అప్పటికది మంచి పనే. కాని బొమ్మకు ఆ సంగతి తెలియదు. నెల పోయాక మరొకడు బొమ్మలో ఇంకేదో మార్చి బటన్ నొక్కుతాడు. కంప్యూటరు తనకు తెలిసిన పాత లెక్క ప్రకారమే రాసి పంపితే, ఆ నాలుగు వరుసలూ కొట్టుకుపోతాయి.

మావారు ఆ మాట అడగడానికి కారణం నాకు తెలుసు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్లో జరిగింది ఎవరం మరిచిపోలేదు. షాలిమార్ నుంచి చెన్నై పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో నేరుగా పొమ్మని పచ్చదీపం వచ్చింది. పాయింటు మాత్రం లూప్ లైను వైపు తిరిగి వున్నది. లూప్ లైనులో గూడ్సు బండి నిలబడి వున్నది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. విశాఖపట్నం, విజయవాడ మీదుగా పోయే బండి అది. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళలో ఆ రాత్రి ఫోన్లు చేస్తూ కూర్చున్నారో చెప్పనక్కర లేదు. సిగ్నల్ సర్క్యూట్లలో గతంలో చేసిన మార్పులోనూ, ఆ స్టేషన్లోని 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు మార్చే పనిలోనూ జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. సిగ్నలు చెప్పినది ఒకటి, నేల మీద వున్నది ఒకటి. వీపీఎన్‌లో పొరపాటు వస్తే రైళ్ళు ఢీకొనవు, నిజమే. కాని మార్పు చేసేటప్పుడు పటాన్నీ తీగనూ సరిపోల్చుకోవలసిన అవసరం రెండుచోట్లా ఒకటే.

మావాడి పద్ధతి చూశాను, మంచిదే. బటన్ నొక్కే ముందు, ఏయే యంత్రంలో ఏయే వరుసలు చేరుతాయో, ఏవి పోతాయో కంప్యూటరు చేత రాయించి చదువుతాడు. పోయే వరుసలను రెండుసార్లు చదువుతాడు. ఆ పక్కనే వెనక్కి రావడానికి కావలసిన పాత వరుసలు దాచిపెట్టుకుంటాడు. పద్మవ్యూహంలోకి పోవడం ఒక్కటే నేర్చినవాడి కథ మనకు కొత్త కాదు గదా! పని ఖాతాదారుల అలికిడి లేని రాత్రి రెండు గంటలకు పెట్టుకుంటాడు. నొక్కిన తరువాత రౌటర్లనుంచి వున్నదున్నట్టు తిరిగి చదివి బొమ్మతో పోలుస్తాడు.

ఆపైన పరీక్ష. కలవవలసినవాళ్ళు కలుస్తున్నారా అని అందరూ చూస్తారు. కలవకూడనివాళ్ళు కలవకుండా వున్నారా అని చూసేవాళ్ళు తక్కువ. ఒక శాఖనుంచి మరో శాఖకు కబురు పంపి, అది చేరకపోతే సంతోషించాలి. అందని జవాబుకోసం రాత్రి మూడు గంటలకు కూర్చోవడం ఎవరికి ఇష్టం చెప్పండి? అయినా ఖాతాదారులు పట్టుబట్టి అడగవలసిన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం.

ఇంకొకటి, ఏ బొమ్మలోనూ కనిపించనిది. రెండో కేంద్రం వచ్చింది, శాఖనుంచి రెండు గీతలు చెరొక వైపు పోతున్నాయి, ఒకటి తెగినా ఇంకొకటి వుంటుందని ఖాతాదారు ధైర్యం. తెర మీద ఆ రెండు గీతల మధ్య జానెడు ఎడం వుంటుంది. నేల మీద చూస్తే రెండు తీగలూ ఒకే కందకంలో పక్కపక్కన పడుకుని వుండవచ్చు. దూరాలను మాపేయడమే ఈ బొమ్మ గొప్పదనమని ఇందాక చెప్పుకున్నాం. ఇక్కడ దెబ్బతీసేదీ అదే. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన జేసీబీకి టోపాలజీ తెలియదు. అది ఒక్క పోటుతో రెండింటినీ లేపేస్తుంది. అందుచేత రెండు దారులకు డబ్బు కట్టే సంస్థ ఏదైనా, తెర మీది బొమ్మతో పాటు, తీగ ఏ వీధి కింద, ఏ వంతెన పక్కన పోతున్నదో గుర్తులు వేసిన మామూలు పటాన్ని కూడా అడిగి పుచ్చుకోవాలి. మావాడు తన ఖాతాదారుకు ఆ మాటే రాశాడు. రెండో తీగను మరో రోడ్డు మీదుగా వేయడానికి ఎంతవుతుందో లెక్క పంపమని జవాబు వచ్చింది.