చచ్చిపోతేనే గుర్తుంచుకుంటారా?

అమృత్‌సర్ వెళ్లినవాళ్లెవరూ అటారీ సరిహద్దు చూడకుండా తిరిగి రారు. అక్కడ 1959 నుంచి సాయంత్రంపూట జెండాలు దించే తంతు జరుగుతోంది. ఇటు మన సైనికులు, అటు పాకిస్తాన్ సైనికులు తలదాకా కాళ్లెత్తి, బూట్లు నేలకేసి కొడతారు. 2025 ఏప్రిల్లో పహల్గాం దాడి తర్వాత రాకపోకలు ఆపేశారు. గేట్లు తెరవడం, చేతులు కలపడం మానేశారు. ఈ మగతనాల పోటీ చూడ్డానికి వేలమంది వెళ్తారు. అదే దారిలో ఉన్న ఓ చిన్న స్మారకం దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ.

దాన్ని కట్టింది ప్రభుత్వం కాదు. 1996లో అమృత్‌సర్ జానపద పరిశోధకులు చొరవ తీసుకుని, 1947లో చనిపోయిన పది లక్షల మంది పంజాబీల జ్ఞాపకంగా నిలబెట్టారు. హిందువులు, ముస్లింలు, సిక్కులు అని విడదీయకుండా అందర్నీ పంజాబీలే అన్నారు. ఆ మాటకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ రాయి ముందు నిలబడినప్పుడు నాకు ఒక్కటే ప్రశ్న. చావకుండా మిగిలిన ఆడవాళ్ల మాటేమిటి?

1947 మార్చిలో రావల్పిండి జిల్లా తోహా ఖాల్సాలో దాదాపు తొంభై మంది స్త్రీలు బావిలో దూకారు. వాళ్లది బలిదానమని బంధువులు ఏటా స్మరించుకునేవారని ఊర్వశీ బుటాలియా రాశారు. బావిలో దూకిన ఆమె వీరనారి అయింది. దూకకుండా ఎవరి చేతికో చిక్కి బతికిన ఆమె కుటుంబ పరువుకి మచ్చ అయింది. పరువు కోసం చచ్చిన ఆడదానికే చరిత్రలో చోటా?

ఆ బతికినవాళ్లు పదీ ఇరవై మంది కాదు. భారత్‌లో 50,000 మంది ముస్లిం స్త్రీలు, పాకిస్తాన్‌లో 33,000 మంది హిందూ, సిక్కు స్త్రీలు అపహరణకి గురయ్యారని అధికారిక అంచనా. 1947 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. వీళ్లని వెతికి ఎవరి దేశానికి వాళ్లని పంపాలి, వాళ్ల ఇష్టాయిష్టాలతో పనిలేదు. దేన్లోనూ ఏకీభవించని రెండు దేశాలూ ఈ ఒక్క విషయంలో ఎంత సులువుగా ఏకీభవించాయో చూడండి!

1949లో మన రాజ్యాంగ సభ చట్టసభగా దానికి చట్టం చేసింది. అపహృత వ్యక్తి అంటే మగపిల్లాడైతే పదహారేళ్లలోపు వాడు, ఆడదైతే ఏ వయసైనా సరే! అంటే పదిహేడేళ్ల కుర్రాడికి తనేం కావాలో తెలుస్తుంది, నలభై ఏళ్ల స్త్రీకి తెలియదు. ఆమెని క్యాంపులో నిర్బంధిస్తే ఏ కోర్టూ ప్రశ్నించకూడదని కూడా ఆ చట్టమే చెప్పింది. నిజమే, నరకం నుంచి బయటపడి ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉన్నారు. వెళ్లనని ఏడ్చినవాళ్లూ, కన్నబిడ్డని వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో తేల్చడానికి ఒకటే మార్గం, ఆమెనే అడగడం. చట్టం ఆ ఒక్క పనీ చేయలేదు.

1998లో బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్‌లు తమ పుస్తకాల్లో ఈ కథల్ని బయటపెట్టేసరికి యాభై ఏళ్లు గడిచిపోయాయి. తెలంగాణ పోరాటంలో స్త్రీల మాటల్ని 1986లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చిన స్త్రీశక్తి సంఘటనని ఎరిగిన మనకి ఇది కొత్త కాదు. ఆడవాళ్ల చరిత్ర రాతి మీద దొరకదు. పక్కన కూచుని, వాళ్లు చెప్పిందీ చెప్పలేకపోయిందీ వింటేనే దొరుకుతుంది.

2021 నుంచి ఆగస్టు 14ని విభజన విషాదాల స్మృతి దినమన్నారు. స్మరించుకుందాం. అయితే అవతలి మతంవాళ్లు మన ఆడవాళ్లని ఏం చేశారన్న లెక్కతోనే ఆపేస్తే ఆ స్మరణ ఇంకో పగకి పెట్టుబడి అవుతుంది. మన మగవాళ్లు వాళ్ల ఆడవాళ్లని ఏం చేశారో కూడా చెప్పాలి. రక్షణ పేరుతో రాజ్యం ఏం చేసిందో కూడా చెప్పాలి. అటారీ రాయి మీద పది లక్షల మృతుల పక్కన ఇంకో వాక్యం చేర్చాలి. ఇష్టం అడగకుండా రెండు ప్రభుత్వాలు ఇచ్చిపుచ్చుకున్న స్త్రీలకి కూడా ఇది అంకితమని, గురుముఖిలోనూ ఉర్దూ లిపిలోనూ. ఆ వాక్యం చెక్కనంత కాలం ఆ స్మారకం సగమే కట్టినట్టు.